గాయాలతో గెలిచినవాడు

పల్లె బోధకుల, బైబిల్ స్త్రీల స్మారకోపన్యాస పాఠం



స్మారకోపన్యాసం అంటే మామూలుగా ఒక పెద్దమనిషి పేరిట జరుగుతుంది. ఫొటోకు దండ వేసి, ఆయన చేసిన మేలు తలుచుకొని, ఆ తర్వాత విషయంలోకి వెళ్తాం. ఈ రోజు వేదిక మీద ఫొటో లేదు. మనం ఎవరిని తలుచుకోవడానికి కూడుకున్నామో వాళ్లలో చాలామంది జీవితంలో ఒక్క ఫొటో కూడా దిగలేదు.

మిషన్ చరిత్రలో తేదీలు, పేర్లు దొరుకుతాయి. 1885లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఎల్బర్ట్ చూట్ పాలమూరులో మిషన్ పెట్టాడు. 1890లో అబ్రహాం ఫ్రీజన్, మరియా దంపతులు నల్లగొండకు వచ్చారు. వాళ్లు అప్పటి రష్యా సామ్రాజ్యంలో, ఇప్పటి ఉక్రెయిన్‌లో, జర్మన్ మాట్లాడుకునే మెన్నోనైట్ రైతుల పల్లెల్లో పుట్టి పెరిగినవాళ్లు. 1899లో అమెరికా నుంచి ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులు హైదరాబాదు చేరారు. మనం ఎం.బి. సంఘం అని పిలుచుకునే మెన్నోనైట్ బ్రదరన్ మిషన్ ఆ తర్వాత నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి వైపు విస్తరించింది. 1937లో పాలమూరు, గద్వాల కేంద్రాలు కూడా బాప్టిస్టుల దగ్గర నుంచి ఈ మిషన్ చేతికి వచ్చాయి.

కాని మిషనరీ దొరగారి బండి పోలేని ఊళ్లకు నడిచి పోయింది మనవాళ్లు. భుజాన సంచి, చేతిలో లాంతరు, గొంతులో పాట. ఎండాకాలం రాళ్ల గుట్టల మధ్య, వానాకాలం నల్లరేగడి బురదలో ఊరూరూ తిరిగిన బోధకులు వాళ్లు. మగవాళ్లు గడప దాటలేని ఇళ్లలోకి బైబిల్ స్త్రీలు వెళ్లారు. ఇసుర్రాయి పక్కన కూర్చుని పాట నేర్పారు, అక్షరాలు దిద్దించారు, పురిటి మంచాల దగ్గర తెల్లవార్లూ మేలుకున్నారు. మిషన్ నివేదికల్లో వాళ్లు అంకెలుగానే మిగిలారు. ఈ మాటలు వాళ్ల జ్ఞాపకానికి అర్పిస్తున్నాను.

వాళ్లు ప్రతి ఊళ్లో చెప్పిన మాట ఒకటే. చెడు ఎంత బలంగా కనబడినా చివరి మాట దానిది కాదు, దేవుడు దాన్ని గెలిచాడు. ఆ మాట చెప్పిన ఊళ్లలోనే చెడు అందరి కళ్ల ముందూ గెలుస్తూ ఉండేది. గడీలో వెట్టి ఉండేది. వాన తప్పితే కరువు, వాన పడితే కలరా. అంటరానితనం పుట్టుకతోనే వెంట వచ్చేది. ఇన్నిటి మధ్య నిలబడి దేవుడు గెలిచాడని చెప్పడానికి వాళ్లకు ధైర్యం ఎక్కడిది? వాళ్లు చెప్పిన గెలుపు ఏ రకం గెలుపు?

నా జవాబు ముందే చెబుతాను. క్రైస్తవులు నమ్మే గెలుపు గాయాలు తగలని వీరుడి గెలుపు కాదు. లేచి వచ్చిన ప్రభువు శిష్యులకు తన చేతుల్లోని మేకుల గుర్తులు, పక్కలోని బల్లెపు పోటు చూపించాడని యోహాను సువార్త చెబుతుంది. ఆ గాయాలను దాచిపెట్టి విజయాన్ని మాత్రమే ప్రకటిస్తే మన చేతిలో మిగిలేది సువార్త కాదు. ఈ సంగతిని పుస్తకాల్లో నుంచి కంటే మన పల్లెల్లో నుంచే చెప్పాలని నా ప్రయత్నం.

అమ్మవారు పోసిన ఊరు

పాల్ హీబర్ట్ పేరు మీలో కొందరికి తెలుసు. 1932లో షంషాబాదులో మిషనరీల కుటుంబంలో పుట్టాడు. పెద్దయ్యాక తిరిగి వచ్చి 1960లలో అక్కడి బైబిల్ పాఠశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు. పాలమూరు జిల్లాలోని కొండూరు అనే పల్లెలో ఉండి అక్కడి కులాలు, కట్టుబాట్లు, కొలుపులు దగ్గరగా చూసి 1971లో ఒక పుస్తకం వేశాడు. తర్వాత అమెరికాలో పేరున్న మానవ శాస్త్ర ఆచార్యుడయ్యాడు. 2007లో కన్నుమూశాడు. ఆయన రాసిన వాటిలో షంషాబాదు పక్క పల్లె సంఘటన ఒకటి ఉంది. నా మాటల్లో చెబుతాను.

ఆ ఊళ్లో మశూచి వచ్చింది. ఆసుపత్రి మందులతో ఆగలేదు. సోది అడిగితే మైసమ్మకు కోపం వచ్చిందని, దున్నపోతును బలి ఇవ్వాలని తేలింది. ఊరి పెద్దలు ఇంటింటికీ చందా వేశారు. క్రైస్తవుల ఇళ్లు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఊరు ఊరంతా ఒక్కటైతేనే తల్లి శాంతిస్తుందని ఊరి నమ్మకం. అందుకని క్రైస్తవులను బావి దగ్గరికి రానివ్వలేదు, దుకాణాల్లో సరుకు ఇవ్వలేదు. అంతలో క్రైస్తవుల ఇంట్లోనే ఒక ఆడపిల్లకు అమ్మవారు పోసింది. సంఘ పెద్ద షంషాబాదు వచ్చి, ఆ పిల్ల కోసం ప్రార్థన చేయమని హీబర్ట్‌ను అడిగాడు.

హీబర్ట్ మోకరించాడు. లోపల మాత్రం కలవరం. చిన్నప్పుడే ప్రార్థన నేర్చుకున్నాడు, పెద్దయ్యాక దేవజ్ఞానం చదువుకున్నాడు, అయినా ఆ రోజు ఊరు ఊరంతా ఈ పిల్ల వైపే చూస్తోందని ఆయనకు తెలుసు. వారం తర్వాత సంఘ పెద్ద మళ్లీ వచ్చాడు. పిల్ల చనిపోయింది. తాను ఓడిపోయానని హీబర్ట్ అనుకున్నాడు.

మరి కొన్ని వారాలకు అదే పెద్ద సంతోషంగా వచ్చాడు. పిల్ల పోయాక ఈ సంతోషం ఏమిటని హీబర్ట్ అడిగాడు. ఆయన ఇచ్చిన జవాబు సారం ఇది. పిల్ల బతికి ఉంటే మన దేవుడు శక్తిమంతుడని ఊరు ఒప్పుకునేది, కాని ఎప్పటికైనా ఆ పిల్లా చనిపోవలసిందే కదా. మనం పిల్లను సాగనంపిన తీరు, మళ్లీ కలుస్తామని పెట్టుకున్న నిరీక్షణ ఊరివాళ్లు చూశారు. చావును కూడా దాటే గెలుపు ఒకటుందని వాళ్లకు అర్థమైంది. ఇప్పుడు మన దారి గురించి అడుగుతున్నారు.

ఈ జవాబు ఇచ్చింది ఏ సెమినరీ పట్టా లేని పల్లె పెద్ద. ప్రిన్సిపాల్ గారు ఓటమి చూసిన చోట ఆయన గెలుపు చూశాడు. ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో వాళ్లందరి విశ్వాసం ఈ జవాబులో ఉంది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఈ కథ చెప్పినప్పుడు ఊరివాళ్లను దుర్మార్గులుగా చూపించడం మనకు అలవాటైపోయింది. వాళ్లు దుర్మార్గులు కారు. పిల్లలు కళ్ల ముందే పోతుంటే భయపడిన తల్లిదండ్రులు. బావి దగ్గర అడ్డుకున్నది ఆ భయం. ఆ ఊళ్లో గెలవవలసింది మైసమ్మను కొలిచే పొరుగువాళ్ల మీద కాదు. ఆ పొరుగువాళ్లనూ మనల్నీ కలిపి పట్టుకున్న భయం మీద.

సమాధుల తోటలో తెల్లవారుజాము

మన సంఘాల్లో ఈ గెలుపు ఏడాదికొకసారి అందరి కళ్లకూ కనబడుతుంది. పునరుత్థాన పండుగకు నాలుగు రోజుల ముందు నుంచే సమాధుల తోటలో పని మొదలవుతుంది. పిచ్చి మొక్కలు పీకి, కూలిన గట్టు సరిచేసి, సున్నం కొడతారు. పైసలున్నవాళ్లు గ్రానైట్ పలక పెట్టిస్తారు, లేనివాళ్లు సిమెంటు తడిగా ఉండగానే పుల్లతో పేరు రాస్తారు. ఎండకూ వానకూ చెరిగిపోయిన పేరు మీద ఒక మనవడు చిన్న కుంచెతో నల్లరంగు దిద్దుతుంటాడు. అవ్వ పక్కన నిలబడి, అక్షరం రాకపోయినా, వంకర పోతోందిరా బిడ్డా అని హెచ్చరిస్తుంటుంది. ఆదివారం చీకటితోనే బంతిపూల దండలు, కొవ్వొత్తులు పట్టుకుని అందరూ వస్తారు. తెల్లారేసరికి లేచిన ప్రభువు పాట గొంతెత్తి పాడతారు.

ఆ పాట ఎక్కడ పాడుతున్నారో గమనించండి. మరణం నిండా మేటవేసిన చోట పాడుతున్నారు. చావు లేదని ఎవరూ అనడం లేదు, వాళ్ల కాళ్ల కింద ఉన్నది అదే. చావుకు ఏలుబడి లేదని అంటున్నారు. మన తల్లులు ఏ వేదాంత గ్రంథం చదవకుండానే ఈ తేడా పట్టుకున్నారు.

జమ్మి ఆకు, సిలువ మాను

చెడు మీద మంచి గెలుపు అనగానే మన తెలంగాణలో ఎవరికైనా దసరా గుర్తొస్తుంది. పాలపిట్టను చూసి, జమ్మి ఆకు బంగారమని చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ తీసుకుని పెద్దల కాళ్లు మొక్కుతారు. మా వాడలో క్రైస్తవ ఇళ్లకు కూడా ఆ బంగారం వచ్చేది. చెడు ఓడిపోవాలన్న ఆశ ఏ ఒక్క మతం సొత్తూ కాదు. మనిషై పుట్టిన ప్రతివాడి గుండెలో అది ఉంది. ఆ ఆశను పంచుకున్నందుకు మన పొరుగువాళ్లకు మనం కృతజ్ఞులం.

సిలువ ఆ ఆశకు ఇచ్చే జవాబు మాత్రం వేరుగా ఉంటుంది. సువార్తలో చెడు ఒక పది తలల రాక్షసుడై ఎదురుగా రాదు. స్నేహితుడి ముద్దులో వస్తుంది. గుడి పెద్దల జాగ్రత్తలో, అధికారి చేతులు కడుక్కోవడంలో, కూలికి కొరడా ఎత్తిన సైనికుడిలో, గుంపు కేకలో వస్తుంది. తన దగ్గరున్న ఆయుధాలన్నీ, చివరికి చావునూ ప్రయోగిస్తుంది. ఒక్క పని మాత్రం దానికి చేతకాలేదు. యేసును తనలాంటివాడిగా మార్చలేకపోయింది. ఆయన ద్వేషించలేదు, శపించలేదు, కొట్టినవాళ్ల కోసం క్షమాపణ అడిగాడు. మూడో దినాన దేవుడు ఆయన్ను లేపినప్పుడు, ఓడిపోయింది ఎవరో లోకానికి తేలింది. అధికారాలను, ప్రధానులను సిలువ మీదే నిరాయుధులను చేసి బహిరంగంగా నిలబెట్టాడని పౌలు కొలొస్సయులకు రాసింది దీన్ని గురించే.

మొదటి శతాబ్దాల సంఘం సిలువను ఎక్కువగా ఇలాగే అర్థం చేసుకుంది. రెండో శతాబ్దంలో లియోన్ నగరంలో బిషప్‌గా ఉన్న ఐరేనియస్ రాతల్లో ఇదే ప్రధానం. పాపం, మరణం, సాతాను చెరపట్టిన మనిషిని క్రీస్తు విడిపించాడన్నది ఆయన బోధ. పదకొండో శతాబ్దం చివర ఆన్సెల్మ్ అనే వేదాంతి వచ్చాక పాశ్చాత్య సంఘంలో ఆలోచన మనిషి దేవునికి పడ్డ బాకీ వైపు, ఆ బాకీ తీర్చడం వైపు మళ్లింది. 1930లో స్వీడన్‌కు చెందిన గుస్తాఫ్ ఔలెన్ అనే వేదాంతి, ఇంగ్లీషులో ‘క్రిస్టుస్ విక్టర్’ పేరుతో వచ్చిన పుస్తకంలో ఆ పాత మాటను మళ్లీ ముందుకు తెచ్చాడు. విజయుడైన క్రీస్తు అని ఆ పేరుకు అర్థం. మన పల్లెలకు ఆ పుస్తకం రాలేదు, అవసరమూ పడలేదు. గడీ కింద బతికిన మనిషికి తన బాకీ గురించి చెప్పక్కర్లేదు. వడ్డీ లెక్కలు వాడికి పుట్టుకతోనే తెలుసు. విడుదల గురించి చెప్పాలి. మన బోధకులు చెప్పింది అదే.

రాజ్యం మారిన రోజు, ఊరు మారిన రోజు

అయితే గెలిచాడంటారు, మరి ఇంకా చెడు ఎందుకుందని అడిగేవాళ్లు ఉన్నారు. న్యాయమైన ప్రశ్న. మన ప్రాంత చరిత్రలోనే దీనికి ఒక పోలిక ఉంది. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. ఆ రోజుతో రాజ్యం మారింది. కాని మర్నాడు పొద్దున ఏ పల్లెలోనూ వెట్టి ఆగిపోలేదు. జాగీర్ల రద్దు 1949 ఆగస్టులో వచ్చింది. నల్లగొండలో సాయుధ పోరాటం 1951 దాకా నడిచింది, ఆ మధ్యలో రెండు వైపులా ఎందరో చనిపోయారు. వెట్టిచాకిరీని రద్దు చేసే దేశవ్యాప్త చట్టం 1976లో గాని రాలేదు. నారాయణపేట, మక్తల్ వైపు ఆడపిల్లల్ని జోగినులుగా విడవడాన్ని నిషేధించే చట్టం 1988 దాకా ఆగింది. రాజ్యం మారిన రోజు, ఊరు మారిన రోజు ఒకటి కావు. అయినా రాజ్యం మారిందని తెలిసిన కూలి నడుం వంచే తీరులో తేడా వచ్చింది. దొర ఇంకా గడీలోనే ఉన్నాడు, కాని అతని మాట ఇక చట్టం కాదు.

క్రైస్తవ విశ్వాసం నిలబడేది ఇలాంటి మధ్య కాలంలోనే. సిలువ దగ్గర తీర్పు వచ్చేసింది, ఊరూరా అమలు కావలసి ఉంది. ఈ మధ్య కాలాన్ని మరచిపోతే మనం రెండు తప్పుల్లో ఒకదానిలో పడతాం. ఏమీ మారలేదని చేతులు ముడుచుకుంటాం, లేదా అంతా అయిపోయిందని జయధ్వనులు చేస్తూ పక్కింటి ఏడుపు వినం.

ఖాళీగా వదిలేసిన చోటు

హీబర్ట్ దగ్గరికి మళ్లీ వస్తాను. 1982లో ఆయన ఒక వ్యాసం రాశాడు. అందులో తన మీద, తనలాంటి పాశ్చాత్య మిషనరీల మీద తానే విమర్శ పెట్టుకున్నాడు. వాళ్లు ఊరికి పరలోకం గురించి చెప్పారు, సూక్ష్మజీవుల గురించి చెప్పారు. ఆ రెంటికీ మధ్య పల్లె మనిషి రోజూ బతికే ఒక లోకం ఉంది. దిష్టి, దయ్యం, శకునం, చేతబడి, తెల్లారేసరికి పాలు విరిగిన బర్రె, ఏ కారణం లేకుండా ఒళ్లు తెలియకుండా పడిపోయిన కోడలు. ఈ ప్రశ్నలకు మిషన్ బంగళాలో జవాబు లేదు. అందుకే ఆదివారం గుడికి వచ్చిన విశ్వాసి మంగళవారం తాయెత్తు కట్టించుకునేవాడు.

బోధకులు, బైబిల్ స్త్రీలు ఆ ఖాళీలో పనిచేశారు. దయ్యం పట్టిందని కేకలు వేస్తున్న స్త్రీ దగ్గరికి వెళ్లారు. అది ఏమిటో వైద్య పుస్తకం ప్రకారం వాళ్లకు తెలియకపోవచ్చు. ఆమెను కొట్టనివ్వలేదు, వేప మండలతో బాదనివ్వలేదు. చెయ్యి పట్టుకుని కూర్చున్నారు, యేసు పేరున ప్రార్థన చేశారు, ఆమె సొంత పేరు పెట్టి పిలిచారు. మార్కు సువార్తలో సమాధుల్లో తిరుగుతున్న మనిషిని ప్రభువు బాగుచేశాక ఆ మనిషి బట్టలు కట్టుకుని, స్వస్థచిత్తుడై కూర్చున్నాడని ఉంది. గెలుపుకు గుర్తు అదే. పెద్ద కేకలు కాదు, ఒక మనిషి మళ్లీ మనుషుల్లో కూర్చోవడం.

ఆ తర్వాతి కాలంలో హీబర్ట్ ఇంకో హెచ్చరిక చేశాడు. ఆత్మీయ యుద్ధం పేరుతో దేవుణ్నీ సాతానునూ సమాన బలం గల రెండు రాజ్యాలుగా చూపించే బోధ బైబిలుది కాదన్నాడు. బైబిల్లో దేవునికి సాటి లేదు. సాతాను ఎంత పెద్దవాడైనా సృష్టిలోనివాడే. ఈ మాట ఈ రోజు మనకు చాలా అవసరం. ఒక్కో ప్రాంతాన్ని ఒక్కో దయ్యం ఏలుతుందని అమెరికాలో పుస్తకాలు రాశారు, ఆ బోధ మన మైదానాల్లోని సభల దాకా వచ్చింది. గంటసేపు జరిగే ప్రసంగంలో ప్రభువు పేరు కంటే సాతాను పేరు ఎక్కువసార్లు వినబడుతోందంటే, విన్నవాళ్లు ఇంటికి తీసుకుపోయేది విశ్వాసమా, భయమా? ఆలోచించండి.

నీళ్లలో దాగిన చెడు

నల్లగొండ బిడ్డలుగా మనం ఒక పాఠం కళ్లారా నేర్చుకున్నాం. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు ఊళ్లలో పిల్లల పళ్లు పచ్చబడి గారకట్టేవి, కాళ్లు దొడ్డి కాళ్లయ్యేవి, నలభై ఏళ్లకే నడుం వంగిపోయి మనిషి నేలను చూస్తూ నడిచేవాడు. పూర్వజన్మ పాపమని కొందరన్నారు, ఎవరో చేయించారని కొందరన్నారు, విశ్వాసం చాలలేదని మనవాళ్లూ అన్నారు. చెడు బావి నీళ్లలో ఉంది. రాతిలోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగి, తాగినవాళ్ల ఎముకల్లో చేరింది. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన బావులూ బోర్లూ అంతకు ఎన్నో రెట్లు మోశాయి.

పుట్టు గుడ్డివాణ్ని చూసి శిష్యులు ఇదే ప్రశ్న వేశారు. పాపం ఇతనిదా, ఇతని తల్లిదండ్రులదా అని. ప్రభువు రెండూ కాదన్నాడు. నింద ఎవరి మీద వేయాలన్న ప్రశ్నను పక్కన పెట్టి, మన్ను కలిపి కళ్లకు పూశాడు. మన జిల్లాలో కూడా మేలు మొదలైంది అలాగే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించారు. దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు స్థిరపడింది. టాంజానియా, ఇథియోపియా దాకా ఆ పేరు వెళ్లింది. ఏళ్ల తరబడి బాధితులు రోడ్డెక్కి పోరాడితే కృష్ణా నీళ్లు ఆ ఊళ్లకు చేరాయి. బాధ పేరుతో తెలిసిన జిల్లా మందు పేరుతో కూడా ప్రపంచానికి తెలిసింది.

మశూచి కథ కూడా చివరికి అలాగే ముగిసింది. ఇంటింటికీ తిరిగి టీకాలు వేసిన పనివాళ్ల శ్రమతో 1975 తర్వాత మన దేశంలో ఆ రోగం లేదు. 1980లో ప్రపంచమంతా దాని నుంచి విడుదలైందని ప్రకటించారు. 1907లో ఈ నేలకు వచ్చి నాగర్‌కర్నూలులో, షంషాబాదులో రోగులను చూస్తూ 1945లో ఇక్కడే ప్రాణం విడిచిన డాక్టర్ కేథరీన్ షెల్లెన్‌బర్గ్ ప్రార్థననూ మందునూ వేరువేరుగా చూడలేదు. ఆమె దవాఖానాలో రెండూ ఒకే గదిలో ఉన్నాయి. చెడును సరిగ్గా గుర్తించి, దాని వేరు దొరికిన చోట చెయ్యి పెట్టడం కూడా దేవుని గెలుపులో భాగమే. టీకా సూదిని, శుద్ధమైన బిందెడు నీళ్లను దేవుని కార్యాలుగా లెక్కించడానికి మన విశ్వాసం సిగ్గుపడనక్కర్లేదు.

కత్తి పట్టని వారసత్వం

మనకు సువార్త తెచ్చిన మెన్నోనైట్లకు ఒక ప్రత్యేక గుణం ఉంది. పదహారో శతాబ్దంలో మెన్నో సైమన్స్ కాలం నుంచీ వాళ్లు కత్తి పట్టేది లేదన్నారు. సిలువ మీద గెలిచినవాడు కత్తితో గెలవలేదు గనుక, ఆయన వెంట నడిచేవాడూ కత్తితో గెలవకూడదన్నది వాళ్ల విశ్వాసం. దాని కోసం దేశాలు విడిచి పోయారు.

నల్లగొండకు ఫ్రీజన్‌ను పంపిన పల్లెలకు 1917 విప్లవం తర్వాత ఘోరమైన కాలం వచ్చింది. అంతర్యుద్ధంలో గుంపులు వచ్చి పడి ఇళ్లు తగలబెట్టాయి, మనుషులను చంపాయి. 1921, 1922లలో కరువు. ఆ ఒత్తిడిలో కొందరు మెన్నోనైట్లు ఆత్మరక్షణ దళాలు కట్టి తుపాకులు పట్టారు. అది తమ విశ్వాసానికి తగని పని అని తర్వాత వాళ్ల సంఘాలే బాధపడ్డాయి. మనకు గెలుపు గురించి చెప్పి పంపినవాళ్ల ఇంటికే చెడు వచ్చి తలుపు కొట్టింది. వాళ్లలో ఎక్కువమంది ఆ చెడును చెడుతో తిరిగి కొట్టకుండా నిలబడ్డారు.

మన సంఘాల్లో ఈ వారసత్వం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. భవనాలు, బడులు, దవాఖానాలు మిషన్ నుంచి వచ్చాయని చెప్పుకుంటాం. కొట్టినవాణ్ని తిరిగి కొట్టని ధైర్యం కూడా అక్కడి నుంచే వచ్చిందని మన పిల్లలకు చెప్పాలి. అలాగని అన్యాయానికి తలవంచమని దీని అర్థం కాదు. బావి దగ్గర అడ్డుకున్నా ఆ పల్లె క్రైస్తవులు చందా ఇవ్వలేదు, రాయీ విసరలేదు. ఆ రెండూ కలిసి ఉన్నప్పుడే అది సిలువ ధైర్యం.

మన ఇంట్లో చెడు

బయటి చెడు గురించి ఇంతసేపు చెప్పి లోపలిది చెప్పకపోతే ఈ ఉపన్యాసానికి విలువ లేదు. మూడు సంగతులు సూటిగా చెబుతాను.

మొదటిది బాణామతి. మన జిల్లాల్లో చేతబడి చేశారని అనుమానించి ముసలివాళ్లను, వితంతువులను కొట్టిన, పళ్లు రాలగొట్టిన, చంపిన సంఘటనలు జరిగాయి. మంత్రగాళ్ల మోసాలను శిక్షించడానికి మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో చట్టాలు చేశాయి. మన దగ్గరా చట్టం రావాలి, మంచిదే. కాని ప్రార్థన చేయించుకోవడానికి వచ్చిన మనిషితో నీకు ఎవరో చేశారని ఒక పాస్టరు అన్నాడంటే, ఆ ఊళ్లో ఒక ముసలమ్మ ప్రాణానికి ఆయన వెల కట్టినట్టే. చెడు మీద క్రీస్తు గెలిచాడని నమ్మేవాడికి ఇంకొకరి చేతబడి అంటే భయం ఎందుకు? మన గుడి ఆ అనుమానం చచ్చిపోయే చోటు కావాలి. వేలు చూపించే చోటు కాకూడదు.

రెండోది స్వస్థత సభల్లో ఇచ్చే మాట. రోగి తల మీద నూనె రాసి ప్రార్థించడం అపొస్తలుల కాలం నుంచీ ఉన్న మంచి పని. ఇన్సులిన్ ఆపించడం, క్షయ మందు కోర్సు మధ్యలో మానిపించడం, బాగుకాకపోతే నీ విశ్వాసం చాలలేదనడం ఘోరం. ఆ పల్లె పిల్ల చనిపోయినప్పుడు సంఘ పెద్ద ఎవరి విశ్వాసాన్నీ తప్పుపట్టలేదు. నిరీక్షణతో ఆ పిల్లను సాగనంపాడు. అదే కాపరి పని.

మూడోది కులం. మన తాతలు అంటరానితనం నుంచి విడుదల కోసం యేసు దగ్గరికి వచ్చారు. ఈ రోజు మనలో మనమే ఉపకులాల పేరుతో వేరు పడి, సంఘ ఎన్నికల్లో వర్గాలు కట్టి, మిషన్ ఆస్తుల మీద ఒకరి మీద ఒకరం కోర్టుకెక్కుతున్నాం. సాతాను పేరెత్తి గొంతు చించుకునే మనం ఈ చెడును గుర్తుపట్టలేకపోతే, వాడు మన గుడిలోనే హాయిగా కూర్చున్నాడన్నమాట. పొరుగు మతంవాళ్ల దేవతలను వేదిక మీద తిట్టడం కూడా ఈ జాబితాలోదే. దాని వల్ల ఎవరూ విడుదల పొందరు. ఊళ్లో ఉన్న భయానికి కోపం కూడా తోడవుతుంది, అంతే.

చేయవలసినవి

స్మారకోపన్యాసం దండతో ముగియకూడదు, పనితో ముగియాలి. మూడు పనులు సంఘాల ముందు పెడుతున్నాను.

ఒకటి, ప్రతి సంఘం తన బోధకుల, బైబిల్ స్త్రీల పేర్లు సేకరించాలి. ముసలివాళ్లు ఉండగానే అడిగి రాసుకోవాలి. ఎవరు ఏ ఊళ్లో పనిచేశారో, ఎక్కడ సమాధి చేశారో గుడిలో పలక మీద రాయాలి. రెండు, రోగుల కోసం జరిగే ప్రతి ప్రార్థన కూడికలో ఆ రోగి మందు వేసుకుంటున్నాడా అని అడిగే ఒక మనిషిని, కుదిరితే ఒక నర్సునో ఆశ కార్యకర్తనో నియమించాలి. మూడు, చేతబడి అనుమానం ఎవరి మీద వచ్చినా, ఆ మనిషి ఏ మతంవాడైనా, సంఘ పెద్దలు ముందుగా ఆ ఇంటికే వెళ్లి గడపలో కూర్చోవాలి. గుంపు వస్తే ముందు మన మీదుగా పోవలసి రావాలి.

ఈ మూడో పనిలో గాయాలు తగలొచ్చు. దెబ్బలు తినవలసి రావచ్చు, ఊరు వెలివేయవచ్చు. అయినా పోవాలి. చెడు మీద దేవుడు గెలిచాడని మన ఊళ్లు నమ్మడానికి మన ప్రసంగాల కంటే ఆ గడపలో కూర్చున్న మనుషులే ఎక్కువ పనికొస్తారు. మన బోధకులు, బైబిల్ స్త్రీలు అలా కూర్చున్నారు గనుకనే మనం ఈ రోజు ఇక్కడ ఉన్నాం.